200 కిలోమీటర్ల సైకిల్ ప్రయాణానికి శరీరాన్నీ, సైకిల్‌నూ ఎలా సిద్ధం చేసుకోవాలి?

ప్రశ్న: దూరపుబాట

అందరికీ నమస్కారం. వారాంతాల్లో సైకిల్ తొక్కే అలవాటు నాకు చాలాకాలంగా ఉంది. అరవై, డెబ్బై కిలోమీటర్ల దూరం ఇప్పుడు శ్రమగా అనిపించడం లేదు. అప్పుడప్పుడూ వంద వరకూ వెళ్లి వస్తున్నాను. ఇక 200 కిలోమీటర్ల బ్రెవేలో, అంటే నిర్ణీత గడువులో ఎవరికి వారే పూర్తి చేయవలసిన దూరపు సైకిల్ ప్రయాణంలో పాల్గొనాలని నిర్ణయించుకున్నాను. దానికి ఇంకా మూడు నెలల వ్యవధి ఉంది. నియమం ప్రకారం 13 గంటల 30 నిమిషాలలో పూర్తి చేయాలని, దారి పొడవునా వెంట సహాయక వాహనం ఉండకూడదని, మరమ్మతు ఏది అవసరమైనా ఎవరిది వారే చూసుకోవాలని చదివాను.

నా సందేహం వేగం గురించి కాదు. వంద కిలోమీటర్ల దగ్గర నాకు ఎదురవుతున్న ఇబ్బందులు రెట్టింపు దూరంలో ఏ స్థాయికి చేరతాయోనన్నదే నా ఆందోళన. ఎనభై కిలోమీటర్లు దాటేసరికి రెండు చేతుల్లోనూ చిటికెనవేలు, ఉంగరపువేలు తిమ్మిరెక్కుతాయి. మోకాలి చిప్ప చుట్టూ సన్నని నొప్పి మొదలవుతుంది. చివరి గంటలో ఆకలి వేయకపోయినా కాళ్లలో సత్తువ ఒక్కసారిగా అడుగంటిపోతుంది. నాది డ్రాప్ హ్యాండిల్ ఉన్న అల్యూమినియం రోడ్ సైకిల్. ముందు 50, 34 పళ్ల చక్రాలు, వెనుక 11 నుంచి 28 పళ్ల వరకూ ఉన్న పదకొండు గేర్ల క్యాసెట్ (వెనుక పళ్లచక్రాల కట్ట), 25 మిల్లీమీటర్ల టైర్లు ఉన్నాయి. తేలికైన చక్రాలు కొనుక్కుంటే సగం సమస్యలు తీరిపోతాయని తెలిసినవారు సలహా ఇస్తున్నారు. ఈ మూడు నెలల్లో నేను దేనిమీద శ్రద్ధ పెట్టాలో, ఏది ముందు, ఏది తర్వాత చేయాలో అనుభవజ్ఞులు వివరంగా చెప్పగలరని మనవి.

జవాబు: ఎదురుగాలి

దూరపుబాట గారూ, చక్రాల సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మీరు చెప్పిన మూడు ఇబ్బందుల్లో ఒక్కటి కూడా చక్రాల బరువు వల్ల వచ్చినది కాదు. మొదటి రెండూ మీరు సైకిల్ మీద కూర్చునే తీరుకు సంబంధించినవి. మూడోది తిండికీ, వేగానికీ సంబంధించినది. అందువల్ల కొనుగోళ్లకన్నా ముందు కొలతలు సరిచూసుకోవాలి.

ఎందుకంత పట్టుబడుతున్నానో ఒక చిన్న లెక్కతో చెబుతాను. గంటకు 20 కిలోమీటర్ల చొప్పున కదిలితే 200 కిలోమీటర్లకు 10 గంటలు పడుతుంది. నిమిషానికి 80 సార్లు పెడల్ తిప్పినా ఆ 10 గంటల్లో ఒక్కో మోకాలు 48,000 సార్లు ముడుచుకుని చాచుకుంటుంది. సీటు ఒక సెంటీమీటరు కిందికి ఉన్నా ఆ లోపం అన్ని వేలసార్లూ అదే చోట ఒత్తిడి పెడుతుంది. నలభై కిలోమీటర్లలో శరీరం సర్దుకుపోయి మనకు తెలియనివ్వని తేడా నూట ఇరవై దాటాక నడవనివ్వకుండా చేస్తుంది. దూర ప్రయాణంలో జనం మధ్యలో విరమించుకోవడానికి ఊపిరి చాలకపోవడం కన్నా ఇటువంటి చిన్న చిన్న తేడాలే ఎక్కువగా కారణమవుతాయని ఇన్నేళ్లుగా చూస్తున్నాను.

మోకాలి ముందుభాగంలో నొప్పి వస్తే సాధారణంగా సీటు తక్కువ ఎత్తులో ఉందనీ, మోకాలి వెనుక నొప్పి వస్తే సీటు మరీ ఎత్తుగా ఉందనీ అనుమానించాలి. గోడకు ఆనుకుని సైకిల్ మీద కూర్చుని, మడమను పెడల్ మీద పెట్టి, పెడల్‌ను అట్టడుగుకు తీసుకురండి. ఆ స్థితిలో తుంటి పక్కకు ఒరగకుండా కాలు నిటారుగా రావాలి. ఆ తర్వాత పాదం ముందుభాగాన్ని పెడల్ మీదికి మార్చినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. నిటారు కాలితో పోలిస్తే ఆ వంపు 25 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండటం మంచిది. కాలి లోపలి పొడవును 0.883తో గుణించి, పెడల్ కాడలు రెండూ తిరిగే ఫ్రేమ్ ఇరుసు (బాటమ్ బ్రాకెట్) మధ్య నుంచి సీటు పైభాగం దాకా అంత దూరం ఉంచే పద్ధతి కూడా ఉంది. పొడవు 80 సెంటీమీటర్లయితే ఆ దూరం సుమారు 70.6 సెంటీమీటర్లు అవుతుంది. ఏ పద్ధతి అయినా ఒక ఆరంభం మాత్రమే. అక్కడి నుంచి ఒక్కోసారి మూడు, నాలుగు మిల్లీమీటర్లకు మించకుండా మారుస్తూ, ప్రతి మార్పు తర్వాత కనీసం రెండుమూడు సార్లు తొక్కి చూడాలి. మార్చేముందు పాత స్థానం దగ్గర సీటు గొట్టం మీద చిన్న టేపు ముక్క అంటించుకోవడం మరిచిపోకండి, వెనక్కి రావడానికి దారి ఉండాలి కదా.

ఇక చేతుల తిమ్మిరి. చిటికెనవేలికీ, ఉంగరపువేలిలో సగానికీ స్పర్శనిచ్చే అల్నార్ నాడి అరచేతి మడమ దగ్గర చర్మానికి చాలా దగ్గరగా వెళుతుంది. ఆ చోట హ్యాండిల్ గంటల తరబడి నొక్కుతూ ఉంటే మీరు చెప్పిన రెండు వేళ్లే తిమ్మిరెక్కుతాయి. మెత్తని గ్లవ్స్, మందమైన హ్యాండిల్ టేపు కొంత ఉపశమనం ఇస్తాయి గానీ అసలు కారణం చేతుల మీద అంత బరువు ఎందుకు పడుతోందన్నది. దానికి ఒక పరీక్ష ఉంది. వాహనాలు తిరగని సమతల ప్రదేశంలో, మామూలు శ్రమతో తొక్కుతూ, చేతులను హ్యాండిల్ నుంచి ఒక వేలెడు పైకి లేపి చూడండి. మొండెం ముందుకు వాలిపోతుంటే బరువంతా చేతులే మోస్తున్నాయని అర్థం. సీటు ముక్కు కిందికి వంగి ఉన్నప్పుడు శరీరం ముందుకు జారుతూ ఉంటుంది, ఆ జారుడును చేతులు ఆపుతూ ఉంటాయి. కాబట్టి ముందు సీటును సమతలంగా చేయండి. అప్పటికీ తగ్గకపోతే సీటును కొద్దిగా వెనక్కి జరపడం, హ్యాండిల్‌ను స్పేసర్లతో (కింద పెట్టే రింగులతో) పైకి ఎత్తడం, పొట్టి స్టెమ్ (హ్యాండిల్‌ను సైకిల్‌కు కలిపే భాగం) వేసుకోవడం అనే వరుసలో ప్రయత్నించండి. తొక్కేటప్పుడు ప్రతి పదిహేను నిమిషాలకూ చేతుల పట్టు మార్చండి. అదే సమయంలో కాసేపు సీటు మీద నుంచి లేచి తొక్కితే పిరుదులకు రక్తప్రసరణ అందుతుంది. దిగిన తర్వాత రోజుల తరబడి తిమ్మిరి పోకపోయినా, వేళ్ల పట్టు బలహీనపడినా మాత్రం వైద్యుడికి చూపించి తీరాలి.

వేగం గురించి ఒక్క మాట చెప్పి ముగిస్తాను. గాలిని చీల్చుకుంటూ పోవడానికి కావలసిన శక్తి వేగం ఘనానికి అనులోమంగా పెరుగుతుంది. గంటకు 25 నుంచి 30 కిలోమీటర్లకు వెళ్లడమంటే వేగంలో 20 శాతం పెరుగుదలే, కానీ గాలిపై పెట్టవలసిన శక్తి సుమారు 73 శాతం పెరుగుతుంది. ఉదయాన గుంపుతో కలిసి ఉత్సాహంగా వెళ్లిపోయినవారు మధ్యాహ్నానికి రోడ్డు పక్కన కూర్చోవడానికి ఇదే కారణం. మొదటి 50 కిలోమీటర్లలో పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేటంత నిదానంగా వెళ్లండి. మీకు మూడున్నర గంటల మిగులు ఉంది, దాన్ని ఆగడానికి వాడుకోండి.

జవాబు: పళ్లచక్రం

ఎదురుగాలి గారు మనిషి సంగతి చెప్పారు కాబట్టి నేను యంత్రం సంగతి చెబుతాను. బ్రెవేల నియమం స్వయం సమృద్ధి మీద నిలబడింది. 1904లో ఏర్పడిన ఆడాక్స్ క్లబ్ పారిసియెన్ అనే ఫ్రెంచ్ సైక్లింగ్ సంఘం నేటికీ ప్రపంచమంతటా ఈ ప్రయాణాలకు గుర్తింపు ఇస్తోంది. దారిలో కార్డు మీద ముద్ర వేయించుకునే కంట్రోల్ పాయింట్ల దగ్గర తప్ప మరెక్కడా సహాయక వాహనం నుంచి ఏ సాయమూ తీసుకోకూడదు. కాబట్టి మీ సైకిల్‌లో ఏది చెడితే మీరు దారిలో బాగు చేసుకోలేరో, అది బయలుదేరకముందే బాగుండాలి. టైరు పంక్చరైతే పావుగంట పని. వెనుక చక్రంలో స్పోకు తెగితే కథ వేరు.

చైన్‌తో మొదలుపెట్టండి. చైన్‌లో ఒక్కో లింకు పొడవు అర అంగుళం. కొత్త చైన్‌పై స్టీలు స్కేలు ఆనించి ఒక పిన్ను మధ్య నుంచి కొలిస్తే సరిగ్గా 12 అంగుళాల దగ్గర మరో పిన్ను మధ్యభాగం వస్తుంది. ఆ పిన్ను అంగుళంలో పదహారో వంతు దాటి కనిపిస్తే చైన్ సుమారు 0.5 శాతం సాగినట్లు. మీలాంటి పదకొండు గేర్ల చైన్‌ను ఆ దశలోనే మార్చేయాలి. ఇంకా వాడుతూ పోతే అది క్యాసెట్ పళ్లను తనకు తగ్గట్టు అరగదీస్తుంది, అప్పుడు రెండూ మార్చవలసి వస్తుంది. కందెన విషయంలో చాలామంది ఎక్కువ పోస్తారు. ప్రతి రోలర్ మీద ఒక్క చుక్క వేసి, కాసేపు తిప్పి, పైపైన మిగిలినదంతా గుడ్డతో తుడిచేయాలి. బయట తడిగా ఉన్న నూనె దుమ్మును పట్టి గరకు కాగితంలా పనిచేస్తుంది.

టైర్ల విషయంలో నా అభిప్రాయం గట్టిగానే ఉంది. మీ ఫ్రేమ్‌లోనూ, బ్రేకుల దగ్గరా చోటు ఉంటే 28 మిల్లీమీటర్ల టైర్లకు మారండి, 32 పడితే మరీ మంచిది. గాలి గట్టిగా కొడితే సైకిల్ వేగంగా పోతుందన్న నమ్మకం నున్నని నేల మీద కొంతవరకు నిజమే, కానీ గరుకు రోడ్డు మీద గట్టి టైరు ప్రతి చిన్న ఎత్తుకూ ఎగిరిపడుతుంది, ఆ కుదుపులో పోయే శక్తి మీ కండరాల నుంచే పోతుంది. వెడల్పు టైరులో తక్కువ గాలితో వెళితే చేతులకూ, నడుముకూ చేరే అదురు తగ్గుతుంది; మీ తిమ్మిరికి ఇది కూడా కొంత మందే. ఎంత గాలి పెట్టాలన్నది మీ బరువు, సామాను బరువు, టైరు వెడల్పుల మీద ఆధారపడుతుంది గనుక ఒకే అంకె అందరికీ చెప్పలేను. టైరు గోడ మీద ముద్రించిన గరిష్ఠ పరిమితికి తక్కువలో మొదలుపెట్టి, వెనుక చక్రంలో ముందుదానికన్నా కాస్త ఎక్కువ ఉంచుతూ ప్రయోగం చేసుకోండి. రిమ్‌కు అంచు కొక్కెం లేని రకమైతే 5 బార్‌కు, అంటే సుమారు 72 పీఎస్ఐకి మించకూడదన్నది ఖచ్చితమైన భద్రతా నియమం.

గేర్ల సంగతి మీరు అడగలేదు గానీ చెప్పాలి. 34కు 28 అనే మీ చిన్న గేరు తాజా కాళ్లకు సరిపోతుంది. 160 కిలోమీటర్ల తర్వాత వచ్చే ఎత్తు మీద అదే గేరు మోకాళ్లను నలిపేస్తుంది. మీ వెనుక డెరైలర్ (చైన్‌ను జరిపి గేర్లు మార్చే భాగం) ఒప్పుకునే గరిష్ఠ పళ్ల సంఖ్య చూసుకుని 32 లేదా 34 పళ్ల క్యాసెట్ వేసుకోండి. తేలిక చక్రాల మీద పెట్టాలనుకున్న డబ్బులో చిన్న భాగంతో ఇది తీరిపోతుంది, లాభం మాత్రం మోకాలికి నేరుగా అందుతుంది.

మిగతావి త్వరగా చూసుకోవచ్చు. బ్రేక్ ప్యాడ్ల అరుగుదల గీత, కేబుళ్ల చివర పోగులు విడిపోవడం, చక్రాన్ని పక్కలకు కదిపినప్పుడు హబ్‌లో వదులు, ప్రతి స్పోకునూ వేలితో మీటినప్పుడు వచ్చే ధ్వనిలో తేడా, స్టెమ్ బోల్టుల బిగువు పరిశీలించండి. బోల్టుల మీద ముద్రించిన టార్క్ విలువను దాటి బిగించకండి, ముఖ్యంగా కార్బన్ భాగాలుంటే. ఈ పని అంతా ప్రయాణానికి ముందురోజు కాకుండా కనీసం రెండు వారాల ముందు పూర్తి చేసి, ఆ తర్వాత ఒక పొడవైన ప్రయాణం చేయండి. కొత్త కేబుళ్లు మొదటి కొద్ది ప్రయాణాల్లో కుదురుకుని గేర్లు తప్పడం మామూలే. ఆ తప్పడమేదో ఇంటి దగ్గరే జరగాలి.

వెంట రెండు ట్యూబులు, ప్యాచ్‌లు, టైరు లీవర్లు, పంపు, చైన్ బ్రేకర్ ఉన్న మల్టీటూల్, మీ గేర్ల సంఖ్యకు తగ్గ క్విక్ లింకు (తెగిన చైన్‌ను కలిపేది), టైరు చిరిగితే లోపల పెట్టడానికి పాత టైరు ముక్క, కొన్ని జిప్ టైలు, మీ ఫ్రేమ్‌కు సరిపోయే డెరైలర్ హ్యాంగర్ (డెరైలర్‌ను ఫ్రేమ్‌కు పట్టించే చిన్న ముక్క) ఒకటి ఉంచుకోండి. హ్యాంగర్లు ఒక ఫ్రేమ్‌వి మరో ఫ్రేమ్‌కు సాధారణంగా పట్టవు, అది దారిలో దొరుకుతుందని అనుకోవద్దు. సామాను ఉంటే చాలదు. వెనుక చక్రం విప్పి ట్యూబ్ మార్చి మళ్లీ బిగించడం చీకట్లో, చిన్న లైటు వెలుగులో చేయగలిగే దాకా సాధన చేయండి. పంక్చరైన ప్రతిసారీ కొత్త ట్యూబ్ వేసేముందు టైరు లోపలి భాగమంతా జాగ్రత్తగా తడిమి, గుచ్చుకున్నది తీసేయాలి. తీయకపోతే పది నిమిషాల్లో రెండో ట్యూబ్ కూడా పోతుంది.

దూరపుబాట

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మడమ పరీక్ష చేసి చూశాను. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు నా మోకాలు స్పష్టంగా వంగే ఉంది, అంటే సీటు తక్కువగానే ఉంది. టేపు అంటించి, మూడు మిల్లీమీటర్ల చొప్పున పెంచడం మొదలుపెట్టాను. చేతులు లేపే పరీక్షలో మొండెం ముందుకు వాలింది కాబట్టి సీటు ముక్కు కూడా సరిచేస్తున్నాను. నా ఫ్రేమ్‌లో 28 టైర్లకు చోటు ఉంది.

ఇక మూడో ఇబ్బంది మిగిలింది. చివరి గంటలో సత్తువ పోవడం ఎలా ఆపాలి? ఏమి తినాలి, ఎంత నీరు తాగాలి? వంద నుంచి రెండువందలకు సాధనను ఏ వరుసలో పెంచుకోవాలి? నొప్పి తెలియకుండా బయలుదేరేముందు నొప్పి మాత్ర వేసుకోవడం మంచిదేనని ఒకరు చెప్పారు. దాని గురించి కూడా తెలియజేయగలరు.

జవాబు: నిదానమే నడక

మాత్ర సంగతి ముందు చెబుతాను, అది అన్నిటికన్నా ముఖ్యం. ఇబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు వేసుకుని గంటల తరబడి చెమటోడ్చడం ఏమాత్రం మంచిది కాదు. నీరు తగ్గిన శరీరంలో ఆ మందులు మూత్రపిండాలకు రక్తప్రసరణను మరింత తగ్గిస్తాయి, కడుపు లోపలి పొరను దెబ్బతీస్తాయి. పైగా నొప్పి మీకు సీటు ఎత్తు తప్పుగా ఉందన్న సమాచారం అందించింది; మాత్ర ఆ సమాచారాన్ని మూసిపెట్టేది.

సత్తువ పోవడానికి కారణం ఇది. కండరాల్లోనూ, కాలేయంలోనూ కలిపి సుమారు 400 నుంచి 500 గ్రాముల గ్లైకోజెన్ (శరీరం దాచుకునే పిండి పదార్థం) నిల్వ ఉంటుంది, అంటే దాదాపు 2,000 కిలోకేలరీలు. మోస్తరు శ్రమతో సైకిల్ తొక్కే మనిషి గంటకు 400 నుంచి 600 కిలోకేలరీలు ఖర్చు చేస్తాడు. అందులో కొంత కొవ్వు నుంచి వస్తుంది, మిగతాది గ్లైకోజెన్ నుంచి. శ్రమ తీవ్రమయ్యేకొద్దీ కొవ్వు వాటా తగ్గి గ్లైకోజెన్ వాటా పెరుగుతుంది. అందుకే వేగంగా తొక్కి, తక్కువ తినే మనిషికి నాలుగైదు గంటల్లో నిల్వ అడుగంటుతుంది. మీ వంద కిలోమీటర్ల చివరి గంట సరిగ్గా అక్కడే ఉంది. ఆకలి వేయలేదని మీరు రాశారు, అది ఆశ్చర్యం కాదు. శ్రమలో ఉన్నప్పుడు ఆకలి నమ్మదగిన సూచన కాదు. కాబట్టి గడియారం చూసి తినాలి.

మొదటి అరగంట దాటగానే మొదలుపెట్టి గంటకు 40 నుంచి 60 గ్రాముల పిండి పదార్థాలు అందేలా చూడండి. ఒక మోస్తరు అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటాయి. పేగులు గ్లూకోజ్‌ను ఒక్కదాన్నే గంటకు దాదాపు 60 గ్రాములకు మించి గ్రహించలేవు. ఫ్రక్టోజ్ వేరే దారి గుండా గ్రహించబడుతుంది గనుక రెండూ కలిపితే 90 గ్రాముల దాకా సాధ్యమవుతుంది. మామూలు పంచదారలో ఈ రెండూ సమానంగా ఉంటాయి, ఖరీదైన పొడులు తప్పనిసరి కాదు. అయితే అంత మోతాదును కడుపు ఒక్కరోజులో భరించదు. కాళ్లకు సాధన ఇచ్చినట్లే కడుపుకూ ఇవ్వాలి. ప్రయాణం రోజున తినబోయే పదార్థాలనే పొడవైన సాధన ప్రయాణాల్లో అదే విరామంతో తిని చూసుకోండి. తీపి ఒక్కటే తింటూ పోతే ఆరేడు గంటల తర్వాత నోరు దాన్ని తిరస్కరిస్తుంది. ఉప్పగా ఉండేవి, నమలడానికి మెత్తగా ఉండేవి కొన్ని ఉంచుకోండి. కొవ్వు, పీచు ఎక్కువగా ఉన్న భోజనం మధ్యలో కడుపునిండా తినవద్దు, అది అరగడానికి రక్తమంతా పొట్టకు కావాలి, కాళ్లకూ కావాలి.

నీటి విషయంలో అందరికీ ఒకే లెక్క చెప్పడం ప్రమాదకరం. మీ లెక్క మీరే కట్టుకోండి. ఒక గంటసేపు తొక్కి, తొక్కేముందూ తొక్కిన తర్వాతా బట్టలు లేకుండా బరువు చూసుకోండి. తగ్గిన ప్రతి కిలోకూ సుమారు ఒక లీటరు చెమట పోయినట్లు. ఆ గంటలో తాగిన నీటిని దానికి కలపాలి. వేడి ఉన్న రోజున ఒకసారి, చల్లని రోజున ఒకసారి ఇలా చూస్తే మీ చెమట వేగం తెలుస్తుంది. పోయిందంతా పూరించవలసిన పనిలేదు, కొంత తగ్గినా ఫరవాలేదు. దానికి భిన్నంగా పోయినదానికన్నా ఎక్కువ నీరు గంటల తరబడి తాగితే రక్తంలో సోడియం లీటరుకు 135 మిల్లీమోల్స్ కన్నా తక్కువకు పడిపోవచ్చు. తలనొప్పి, వాంతులు, అయోమయం, వేళ్లు ఉబ్బడం దాని లక్షణాలు, అది ప్రాణాంతకం కూడా కావచ్చు. ప్రయాణం ముగిశాక బరువు పెరిగి ఉంటే ఎక్కువ తాగారని తెలుసుకోండి. దాహాన్ని అనుసరించడం చాలామందికి సరైన దారి. చెమట బాగా పట్టే రోజున సీసాలలో ఒకదానిలో ఉప్పు కలిసిన పానీయం ఉంచండి.

సాధన విషయానికి వస్తే, వారానికి ఒక పొడవైన ప్రయాణం, రెండుమూడు చిన్నవి సరిపోతాయి. పొడవైనదాన్ని వారానికి పది, పదిహేను కిలోమీటర్ల చొప్పున పెంచుతూ, ప్రతి నాలుగో వారం తగ్గించి శరీరాన్ని కోలుకోనివ్వండి. రెండు వారాల ముందు 150 కిలోమీటర్ల దగ్గరికి చేరితే 200కు సిద్ధమైనట్లే; అంతకుముందే 200 తొక్కి చూడవలసిన అవసరం లేదు. చివరి వారంలో కాళ్లు కదిలేటంత మాత్రమే తొక్కండి. నడుమును, పొట్టను పట్టి ఉంచే కండరాలకు రోజూ పది నిమిషాలు కేటాయించండి. ప్లాంక్ వంటివి చాలు. ఆ కండరాలు అలసినప్పుడే మొండెం చేతుల మీదికి వాలుతుంది, మీ వేళ్ల తిమ్మిరి మళ్లీ అక్కడే మొదలవుతుంది.

జవాబు: తెల్లవారుజాము

నిదానమే నడక గారితో ఒక విషయంలో విభేదిస్తాను. సాధనను కిలోమీటర్లలో కాకుండా గంటల్లో కొలవడం మేలు. సమతల రోడ్డు మీద 150 కిలోమీటర్లకూ, ఎత్తుపల్లాల మీద 150 కిలోమీటర్లకూ మధ్య రెండు మూడు గంటల తేడా ఉండవచ్చు. సీటుకూ, చేతులకూ, కడుపుకూ, మనసుకూ తెలిసేది గడిచిన సమయమే. మీ ప్రయాణం పన్నెండు గంటలు పడుతుందనుకుంటే ఎనిమిది, తొమ్మిది గంటలు సైకిల్ మీద గడిపిన అనుభవం ముందే ఉండాలి, దూరం ఎంతైనా సరే. వీలైతే ఒక వారాంతంలో శనివారం పొడవుగా, ఆదివారం దానిలో సగం తొక్కండి. అలసిన కాళ్లతో మళ్లీ సీటెక్కడం ఎలా ఉంటుందో ఒక్కరోజు ప్రయాణం నేర్పదు.

ఆగే సమయాన్ని కూడా సాధన చేయాలి. గంటకు 22 కిలోమీటర్ల వేగంతో తొక్కి ప్రతిచోటా నలభై నిమిషాలు కూర్చునేవారికన్నా, 19తో తొక్కి పదిహేను నిమిషాల్లో లేచేవారు తరచుగా ముందు చేరతారు. దిగేముందే ఏమేమి చేయాలో మనసులో వరుస పెట్టుకోండి. కార్డు మీద ముద్ర, సీసాలలో నీరు, తిండి, మూత్రవిసర్జన, చైన్ మీద ఒక చూపు, అంతే.

200 కిలోమీటర్ల ప్రయాణం పగలే ముగుస్తుందని లైట్లు తీసుకోనివారు ఉంటారు. దయచేసి అలా చేయవద్దు. ఒక్క పంక్చరు, గంటసేపు ఎదురుగాలి చాలు, చీకటి పడటానికి. చీకట్లో ముందూ వెనుకా లైట్లు సైకిల్‌కు బిగించి ఉండాలని, ప్రతిఫలించే జాకెట్ వేసుకోవాలని నియమంలోనే ఉంది. చీలమండలకు ప్రతిఫలించే పట్టీలు కూడా కట్టుకోండి. పైకీ కిందికీ కదిలే ఆ వెలుగును చూసి వెనుక వచ్చే డ్రైవరు అక్కడ మనిషి ఉన్నాడని నిశ్చలమైన వెలుగుకన్నా త్వరగా పోల్చుకుంటాడు. ముందురోజు రాత్రి ఉద్వేగంతో నిద్ర సరిగా పట్టదు, అది సహజం. కాబట్టి అంతకుముందు రెండుమూడు రాత్రులు బాగా నిద్రపోండి. మున్ముందు 400, 600 కిలోమీటర్లకు వెళితే నిద్ర పెద్ద విషయమవుతుంది. రాత్రి రెండు నుంచి ఆరు గంటల మధ్య శరీరం సహజంగానే మందగిస్తుంది. ఆ వేళ కళ్లు మూతపడుతుంటే మొండిగా తొక్కకుండా సురక్షితమైన చోట పదిహేను, ఇరవై నిమిషాలు పడుకుని లేవాలి. గంటకు దగ్గరగా నిద్రపోయి లేస్తే మత్తు వదలడానికి చాలాసేపు పడుతుంది.

సీటు పుండ్ల గురించి ఎవరూ ప్రస్తావించలేదు. ప్యాడ్ ఉన్న షార్ట్స్ లోపల మరే బట్టా వేసుకోకూడదు, కుట్లు ఒరుసుకుని చర్మం లేచిపోతుంది. రాపిడి తగ్గించే క్రీమ్ మొదటి మంట వచ్చాక కాదు, బయలుదేరేముందే రాసుకోవాలి. ఇంటికి చేరగానే స్నానం చేసి ఆరిన బట్టలు వేసుకోవడం కూడా సిద్ధపాటులో భాగమే.

దూరపుబాట

అందరి సమాధానాలూ కాగితం మీద రాసుకున్నాను. చివరిగా రెండు సందేహాలు. స్కేలుతో కొలిస్తే నా చైన్ పదహారో వంతు దాటిపోయింది. చైన్ ఒక్కటే మార్చాలా, ఇప్పుడున్న క్యాసెట్ కూడా మార్చాలా? అలాగే కొత్త బూట్లు తెప్పించుకోవాలనుకుంటున్నాను, అవి ప్రయాణానికి వారం ముందు మాత్రమే అందేలా ఉన్నాయి.

జవాబు: పళ్లచక్రం

బూట్లు ఈ ప్రయాణం తర్వాత వాడండి. క్లీట్ (బూటును పెడల్‌కు తగిలించే ముక్క) రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగినా మోకాలు తిరిగే దిశ మారుతుంది, దాన్ని సరిచూసుకోవడానికి వారం చాలదు. పాత బూట్ల క్లీట్లు బాగా అరిగి ఉంటే మాత్రం ఇప్పుడే మార్చండి. విప్పేముందు వాటి చుట్టూ మార్కరుతో గీత గీసి, కొత్తవాటిని సరిగ్గా ఆ గీతలోనే బిగించండి.

చైన్ విషయానికి వస్తే, మీరు 32 లేదా 34 పళ్ల క్యాసెట్‌కు మారబోతున్నట్లయితే రెండూ ఒకేసారి కొత్తవి వేసుకోవడంతో ప్రశ్నే ఉండదు. పెద్ద పళ్ల చక్రానికి పాత చైన్ పొడవు చాలకపోవచ్చు కూడా. కొత్త చైన్‌ను కోసేముందు ముందూ వెనుకా అతిపెద్ద చక్రాల మీదుగా చుట్టి పొడవు చూసుకోండి. పాత క్యాసెట్‌నే ఉంచాలనుకుంటే కొత్త చైన్ వేసి, ఎత్తు ఎక్కుతూ, మీరు ఎక్కువగా వాడే గేర్లలో గట్టిగా తొక్కి చూడండి. బలం పెట్టినప్పుడు చైన్ పళ్ల మీద నుంచి టక్కుమని జారితే క్యాసెట్ కూడా అరిగిపోయింది, మార్చక తప్పదు. జారకపోతే నిశ్చింతగా వాడవచ్చు. ముందున్న 50, 34 చక్రాల పళ్లను కూడా ఒకసారి పరిశీలించండి. పళ్లు ఒక పక్కకు వంగి సొరచేప రెక్కలా కనిపిస్తే అవీ మార్చాలి. ఈ మార్పు జరిగాక డెరైలర్ హద్దు స్క్రూలను (అది ఎంతవరకు జరగాలో ఆపేవి), కేబుల్ బిగువును మళ్లీ సరిచేయాలి, లేకపోతే అతిచిన్న గేరుకు మార్చినప్పుడు చైన్ స్పోకుల్లో పడి చక్రాన్నే దెబ్బతీయవచ్చు. మూడు నెలల వ్యవధి ఉంది గనుక ఈ వారమే చేయించి, మిగతా సాధనంతా కొత్త గేర్లతోనే సాగించండి.